చెవులు కొలిచి ఇచ్చిన కావలి ఉద్యోగం

ఒక పెద్ద అడవిలో అనగానే మీరు మీ ఊరి చివరి పొదల్ని తలుచుకుని తల ఊపేస్తారు. ఆగండి. ఈ అడవి ఎంత పెద్దదంటే, తూర్పు కొసన పుట్టిన లేడిపిల్ల నడుచుకుంటూ పడమటి కొసకు చేరేసరికి దానికి మనవలు పుట్టేవారు. ఒక పక్కన మొదలైన వాన రెండో పక్కకు వచ్చేసరికి పాతబడిపోయేది. అంతటి అడవిని నేను పొద్దున్నే చద్దన్నం తిని బయల్దేరి, ఇంట్లో పప్పులో పోపు పడేవేళకు దాటేసి వెనక్కి వచ్చినవాణ్ణి. దారిలో రెండు పులులు తోడొస్తామంటే, మీ నడక నాకు సరిపోదురా అని వద్దన్నాను.

సరే, నా గొప్పలు కాదు కదా ఇప్పుడు కథ. ఈ కథలో నేను చేసిందల్లా ఒక చెట్టెక్కి కూర్చోవడమే. ఆ చెట్టు మాత్రం మామూలుది కాదు. మబ్బులు దాని నడుముకు తగిలి చిరిగిపోయేవి.

ఆ అడవి నడుమ ఒక రాతికొండ. దానిమీద గడ్డిపరక కూడా మొలవదు కాబట్టి బోడిగుండు అనేవారు. గుండు కింద ఒక చిన్న గుహ, గుహలో ఒక ఊట. రోహిణి కార్తెలో అడవంతా పెనంలా కాలుతుంటే, ఆ గుహలో మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా ఉండేది.

గుండు లోపల బోలు. పైన వెనక్కాళ్ళతో దరువేస్తే అడవంతా డుమడుమ మోగేది. అందుకని అక్కడ ఒక ఆచారం ఉంది. ఎండలు ముదిరితే కార్చిచ్చు భయం కాబట్టి, ఒకరు గుండెక్కి నాలుగు దిక్కులూ చూస్తూ కావలి కాయాలి. పొగ కనిపిస్తే దరువెయ్యాలి. దరువు వినగానే అందరూ ఏరు దాటెయ్యాలి. కావలి కాసేవాళ్ళ కుటుంబం కింద గుహలో ఉండొచ్చు. కావలి పోతే గుహ కూడా పోతుంది.

ఆ కావలి ఉద్యోగం నాంచారమ్మ అనే కుందేలుది. పిల్లల తల్లి. మొగుణ్ణి గద్ద ఎత్తుకుపోయింది. మనిషి చిన్నదే గాని నోరు పెద్దది, చెవులు నోటికన్నా పెద్దవి. తన పిరికితనం గురించి ఆమె చెప్పుకున్నంత గొప్పగా మన ఊళ్ళో ఎవరూ తమ పొలాల గురించి కూడా చెప్పుకోరు.

"మా వంశంలో అందరం పిరికివాళ్ళమేనమ్మా," అనేది నాంచారమ్మ, ఊట దగ్గర నీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళతో. "మా నాయనమ్మ ఆకు రాలితే అదిరిపడేది. మనవరాళ్ళ పెళ్ళిళ్ళు చూసి పోయింది. ధైర్యవంతుడు ఒక్కడే పుట్టాడు మాలో, మా చిన్నమావయ్య. నక్కకు ఎదురు నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన ఎలా ఉన్నాడో నక్కనే అడగాలి."

అడవికి ఒక సభ ఉండేది. సభకు అధ్యక్షుడు కోరల వరహాలరావు, అడవిపంది. ఆయన కూతురికి ఆ ఏడే పెళ్ళయింది. అల్లుడు దుబ్బారావు ఇల్లరికం వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే గోల.

"మావయ్యా, ఈ ఎండకు నా మెదడు ఉడికిపోతోంది."

"ఉడకడానికి అక్కడేముందిలే బాబూ," అని మావగారు మనసులో అనుకుని, పైకి మాత్రం, "ఏం కావాలో చెప్పు నాయనా," అన్నాడు.

"ఆ గుండు కింద గుహ."

అదండీ మొదలు. అడవిలో మాయమాటల శాస్త్రాలన్నీ ఎక్కడో ఒక అల్లుడి అలక దగ్గరే పుడతాయి.

నాంచారమ్మను ఊరికే వెళ్ళగొడితే అందరూ నోరెత్తుతారు. ఆమె దరువు ఏనాడూ తప్పలేదు. కాబట్టి వరహాలరావు ఒక పండితుణ్ణి పిలిపించాడు. పేరు డాక్టర్ రంగులయ్య. ఊసరవెల్లి. ఒకసారి వెదురు లారీలో చిక్కుకుని పట్నం పోయి, అక్కడ వ్యక్తిత్వ వికాసం నేర్పే ఒక సంస్థ కిటికీ ఊచకు ఒక ఎండాకాలమంతా అతుక్కుని, వెనక్కి వచ్చేటప్పుడు పేరు ముందు డాక్టర్ అతికించుకుని వచ్చాడు. ఒక కన్ను అధ్యక్షుడి మీద, ఒక కన్ను జనం మీద. ఒకేసారి రెండు వైపులా చూడగలిగినవాడు ఏ సభలోనైనా పైకి వస్తాడు.

సభ తీరింది. రంగులయ్య ఒక తిప్పతీగకు ముళ్ళు వేసి కొలతతాడు చేసి తెచ్చాడు.

"మిత్రులారా!" అన్నాడు, ఒంటిని గంభీరమైన ముదురు గోధుమరంగులోకి మార్చుకుని. "ఒంటిని బట్టే బుద్ధి. తాత ఇచ్చిన ముక్కును బట్టే మనవడి మనసు. పట్నంలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. మనమే ఇంకా ఎవరు ఎలాంటివాళ్ళో వాళ్ళతో బతికి తెలుసుకుంటున్నాం. ఎంత సమయం వృథా! నేను ఒక్క కొలతతో చెప్పేస్తాను."

అందరూ చప్పట్లు కొట్టారు. తమ గురించి తమకు తెలియంది వేరేవాళ్ళు చెప్తారంటే ఎవరికి సరదా ఉండదు?

"ముందు కావలివాళ్ళను కొలవండి డాక్టరుగారూ," అన్నాడు అధ్యక్షుడు, ఆ మాట అప్పుడే తోచినట్టు.

రంగులయ్య నాంచారమ్మ చెవులు కొలిచాడు. కొలిచి, అయ్యో అన్నట్టు నాలుక బారెడు చాపి లోపలికి లాక్కున్నాడు. దారిలో ఒక ఈగ పోయింది.

"పొడుగు చెవులు. అంటే పిరికితనం. రక్తంలోనే ఉంది. ఈవిడ తప్పేం లేదు పాపం."

"నేనెప్పుడు కాదన్నానండీ?" అంది నాంచారమ్మ. "కాని డాక్టరుగారూ, చెవి పెద్దదైతే ఎక్కువ వినపడుతుంది. ఎక్కువ వినపడితే ముందే భయమేస్తుంది. ముందే భయమేసినవాళ్ళే కదండీ కావలికి పనికొచ్చేది?"

"చూశారా!" అని రంగులయ్య జనం వైపు తిరిగాడు. "ప్రశ్న అడిగింది. ధైర్యవంతులు ప్రశ్నలు అడగరు."

జనం ఔను ఔనన్నారు. అంతవరకూ ప్రశ్న అడుగుదామని లేచిన ఒకరిద్దరు, ఏదో ఒళ్ళు విరుచుకోవడానికి లేచినట్టు విరుచుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు దుబ్బారావుగారిని చూద్దాం. చర్మం మందాన్ని బట్టి గుండె మందం తెలుస్తుంది." రంగులయ్య ఒక తుమ్మముల్లు తీసుకుని దుబ్బారావు పిరుదులో కసుక్కున గుచ్చాడు. దుబ్బారావు కదల్లేదు. ఇంకొంచెం లోపలికి గుచ్చాడు. దుబ్బారావు ఆవులించాడు. ముల్లు మొత్తం దిగిపోయింది. అప్పుడు తల తిప్పి, "ఎవరైనా పిలిచారా?" అన్నాడు.

సభ దద్దరిల్లింది. ఆ చప్పట్లకు నేనున్న చెట్టు ఊగిపోతే, ఒక్క చేత్తో చెట్టును పట్టుకుని ఆపాను.

అలా కావలి దుబ్బారావుకు పోయింది, గుహ కూడా పోయింది. నాంచారమ్మ పిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కరినే తీసుకెళ్ళి రేగుపొద కింద పెట్టింది. ఆ పొద నీడ ఎంత పలచనంటే, ఎండ దానిలోంచి జల్లెడలోంచి పిండి రాలినట్టు రాలేది. పిల్లలు నాలుకలు బయటపెట్టి రొప్పుతూ పడుకున్నారు.

"గుహకెప్పుడు పోతామమ్మా?" అని అడిగింది చిన్నది. దాని పేరు పిందె. గుప్పెడంత ఉంటుంది. ఇంట్లో అందరికన్నా గడుగ్గాయి. ఏట్లోకి దూకి తాబేళ్ళ వీపు మీద ఆడుకునేది అదొక్కతే.

"పోదాంలే," అంది నాంచారమ్మ. పొడుగు చెవులు రెండూ దాని మీద నీడగా వంచింది.

కథ అక్కడితో ఆగితే రంగులయ్య సంపాదనేం గాను? మిగతావాళ్ళందరూ మమ్మల్నీ కొలవండి అని వరస కట్టారు. కొలిచినవాళ్ళకు కొలిచినట్టు నుదుట బొట్టు. ధైర్యవంతులకు ఎర్రమట్టి, పిరికివాళ్ళకు సున్నం, మధ్యరకానికి బూడిద. రేగుపొద కిందికి కూడా వచ్చి నాంచారమ్మకూ పిల్లలకూ సున్నమే పెట్టిపోయారు. బొట్టును బట్టి పని, పనిని బట్టి మర్యాద.

ఎలుగుబంటి బుచ్చన్నకు ఒంటినిండా జుట్టు. "జడలు కట్టినవాడు మునికాక మరేమవుతాడు?" అన్నాడు రంగులయ్య. బుచ్చన్న ఎంతటి కబుర్లపోగంటే, ఒకరి ఇంట్లో చీమ తుమ్మితే ఇంకొకరి ఇంట్లో చెప్పి వచ్చేవాడు. తేనెపట్టు కనిపిస్తే తల్లిని కూడా గుర్తుపట్టడు. అలాంటివాణ్ణి ఒక పుట్ట మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. మొదట్లో ఒక కన్ను తెరిచి, "ఒరే, ఆ నెమలి కూతురు ఎవరితోరా పోయింది?" అని అడిగేవాడు. అందరూ కాళ్ళకు మొక్కడం మొదలుపెట్టాక, రెండో కన్ను కూడా మూసేశాడు. నాలుగు దండాలు పడేసరికి, "నాయనా, తేనె మాయ," అనడం కూడా వచ్చేసింది. అనేటప్పుడు మూతి తడుముకునేవాడు పాపం.

దుమ్ములగొండి సింగన్న సంగతి ఇంకా ఘోరం. అతని మూతి పుట్టుకతోనే నవ్వినట్టు ఉంటుంది. తండ్రిదీ అంతే, తాతదీ అంతే. లోపల మాత్రం అతనంత దిగులు మనిషి లేడు. వెన్నెల రాకపోతే వెన్నెల రాలేదని, వస్తే మళ్ళీ పోతుందేమో అని దిగులు.

"నవ్వు మొహం. అడవికి విదూషకుడు!" అని బొట్టు పెట్టేశారు.

"అయ్యా, నాకు ఏడుపొస్తుందండీ," అన్నాడు సింగన్న.

జనం పడీపడీ నవ్వారు. "భలే చెప్పాడ్రా!" అన్నారు.

"నిజంగానండీ, మా అమ్మ పోయి నెల కూడా కాలేదు."

జనం కడుపు పట్టుకుని నేల మీద దొర్లారు. చివరికి సింగన్న కూడా, తను చెప్పింది హాస్యమే అయివుంటుందేమో అని అనుమానం వచ్చి, వాళ్ళతో కలిసి ఓ రెండు నవ్వులు నవ్వేశాడు. అప్పట్నుంచి పెళ్ళిళ్ళకు పిలుస్తున్నారు.

ఏనుగు భూలక్షమ్మ వచ్చినప్పుడు మాత్రం రంగులయ్య రంగు మారింది. ఆవిడ అడవికంతటికీ పెద్దత్త. తొండం ఒకసారి ఊపితే సభ ఇంకో చోట పడుతుంది. చెవుల దగ్గరకు కొలతతాడు తీసుకుపోవడానికి ఎవరికి గుండె ఉంది? "కాళ్ళు చాలు, కాళ్ళు చాలు," అని కింద నుంచే కొలిచి, "స్తంభాలు! స్తంభాల్లాంటి కాళ్ళు! ఇంతకు మించిన ధైర్యం లోకంలో లేదు," అని, ఎగిరి ఎర్రబొట్టు పెట్టేసి దూరంగా పోయి నిలబడ్డాడు.

తేనెటీగ కనిపిస్తే భూలక్షమ్మకు కాళ్ళు వణుకుతాయని ఆ అడవిలో నాకొక్కడికే తెలుసు. పైనుంచి చూసేవాడికి అన్నీ తెలుస్తాయి.

ఇక చివరగా అధ్యక్షుడు ఒక తీర్మానం పెట్టాడు. సున్నం బొట్టువాళ్ళు ఇకమీదట గుండు మీద దరువెయ్యరాదు. వేసినా చెల్లదు. "పిరికివాడి భయానికి అడవంతా పరుగెత్తితే మన పరువేం గాను?" అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. సున్నం బొట్టువాళ్ళు కూడా, ఒప్పుకోకపోతే ఇంకేమంటారో అన్న భయంతో ఒప్పుకున్నారు. దాంతో రంగులయ్య శాస్త్రం నిజమేనని ఇంకొకసారి రుజువైంది.

రేగుపొద కింద పిందె ఏటివైపు పోవడం మానేసింది. "దా, తాబేళ్ళు వచ్చాయి," అని అన్నదమ్ములు పిలిస్తే, "నేను పిరికిదాన్నట. నాకు బొట్టుంది కదా," అని కూర్చుంది. నాంచారమ్మ అది విన్నది. తన పిరికితనం తనకెంత గర్వమో, ఆ మాట కూతురి నోట వింటే అంత మంటెత్తిపోయింది.

"మన పిరికితనం పరుగెత్తడానికే తల్లీ, కూర్చోవడానికి కాదు," అంది.

పిందె వినలేదు. బొట్టు చెప్పింది వింటోంది.

ఇలా ఉండగా దుబ్బారావుకు సన్మానం పెట్టారు. ఎందుకంటే, ఆయన కావలి కాయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ దరువు ఒక్కసారి కూడా వినపడలేదు. నిప్పు రాలేదు కాబట్టి దరువు లేదనుకోకండి. ఈలోపే రెండుసార్లు చిన్న చిన్న మంటలు లేచి వాటంతటవే చల్లారాయి. దుబ్బారావు వాటిని చూశాడు కూడా. చూసి, మావగారిని అడిగాడు.

"కేక పెట్టాలంటారా మావయ్యా?"

"కేక అంటే భయం బాబూ. భయపడ్డావని తెలిస్తే బొట్టు చెరిపేస్తారు. బొట్టు పోతే గుహ పోతుంది."

"ఓహో!" అన్నాడు దుబ్బారావు. ఆ ఒక్క పాఠం ఆయన బుర్రలోకి ముల్లుకన్నా తేలిగ్గా దిగింది.

సన్మానం రోజు. మిట్టమధ్యాహ్నం. బోడిగుండు ముందు మైదానంలో అందరూ కూర్చున్నారు. దుబ్బారావు గుండు మీద, మెడలో మోదుగపూల దండ, భుజాన శాలువాకు బదులు అరిటాకు. ముఖ్య అతిథి భూలక్షమ్మ ముందు వరసలో. బుచ్చన్న ముని ఆశీర్వచనం. సింగన్న హాస్య వల్లరి. మైకు లేకపోయినా వరహాలరావు గొంతు మైకును మించి.

"మా అల్లుడుగారు నిప్పులాంటి మనిషి!" అంటున్నాడు వరహాలరావు.

ఆ వెనకే నిప్పు.

దక్షిణం దిక్కునుంచి లేచింది. ఎండిన వెదురు పొదలు టపటపమని పేలుతూ, గాలి తోసుకొస్తుంటే, తాటిచెట్టు ఎత్తు మంట! తాటిచెట్టేమిటి, నా కాళ్ళకు వేడి తగిలింది, నేనెక్కడున్నానో ముందే చెప్పాను కదా. ఒక్కసారి గట్టిగా ఊదితే ఆరిపోయేదే. ఊపిరి కూడా పీల్చాను. కాని నేను ఊదితే మంటతోపాటు అడవి కూడా ఎగిరిపోతుందని ఆగాను.

రేగుపొద కింద నాంచారమ్మ చెవులు నిటారుగా లేచాయి. పొగ కన్నా ముందు ఆమెకు చప్పుడు వినపడింది. పిల్లల్ని లేపి, "కదలకండి, ఇప్పుడే వస్తా," అని గుండు మీదికి ఒక్క గెంతు గెంతింది. దుబ్బారావు పక్కనే నిలబడి వెనక్కాళ్ళతో డుమడుమ డుమడుమ వాయించింది.

సభలో అందరూ తలెత్తి చూశారు.

"సున్నం బొట్టు," అన్నారొకరు.

"చెల్లదు," అన్నారు ఇంకొకరు.

"నిప్పురా నాయనా, నిప్పు!" అని అరిచింది నాంచారమ్మ. "దుబ్బారావూ, నీకు కనపడ్డం లేదా?"

దుబ్బారావు మంటను చూస్తూనే ఉన్నాడు. "కనపడుతోందక్కా," అన్నాడు నెమ్మదిగా. "కాని నేను కేక పెట్టకూడదు. గుహ పోతుంది."

"తోక పోతోందిరా!"

దుబ్బారావు వెనక్కి తిరిగి తోక వైపు చూశాడు. నిప్పురవ్వ ఒకటి వచ్చి దాని కొసన కూర్చుంది. కుచ్చులోంచి సన్నగా పొగ వస్తోంది. "ఏమో, నాకేం తెలియడం లేదే," అన్నాడు.

ఈలోపు మైదానం అంచున ఉన్న సింగన్న నిప్పును చూశాడు. చెమటలు కక్కుతూ వేదిక మీదికి ఉరికి, "బాబోయ్! కాలిపోతున్నాం! పారిపోండి!" అని నేల మీద పడి కొట్టుకున్నాడు.

సభ అంతా ఈలలు వేసింది. "ఈసారి కొత్తగా ఉందిరోయ్!" "ఆ కాళ్ళు కొట్టుకోవడం చూడు!" "ఇంకోసారి, ఇంకోసారి!"

సింగన్నకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ మొహానికి ఏడుపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ అంకానికి వచ్చినన్ని చప్పట్లు అతనికి బతుకులో రాలేదు.

నాంచారమ్మ గుండు దిగింది. అధ్యక్షుడి దగ్గరకు పోయి లాభం లేదు. రంగులయ్య అప్పటికే మంటకు తగ్గట్టు నారింజరంగులోకి మారి, ఏటివైపు ఉన్న కొమ్మమీద కూర్చున్నాడు. ఒక కన్ను సభ మీద, ఒక కన్ను ఏటి మీద. ఆమె సూటిగా వెళ్ళి భూలక్షమ్మ ముందుకాలి మీదుగా పాకి, తొండం మీదుగా ఎక్కి, చెవి దగ్గర కూర్చుంది.

"అత్తా!"

"ఇప్పుడు కాదే నాంచారీ. ముఖ్య అతిథిని," అంది భూలక్షమ్మ పెదవి కదపకుండా. ఆవిడ పాదాలకు నేల వేడి ఎప్పుడో తెలిసిపోయింది. గుండె దడదడలాడుతోంది. ఆ దడకు నాంచారమ్మ ఎగిరెగిరి పడుతోంది. ముందు వరసలో ఎర్రబొట్టుతో కూర్చున్నాక లేచిపోవడం ఎలాగో మాత్రం ఆవిడకు తెలియదు.

"ఒక్క మాట చెప్పత్తా. నీ చెవులు కొలిచారా?"

"లేదే. కాళ్ళే కొలిచాడు."

"నా చెవికన్నా నీ చెవి చిన్నదా పెద్దదా?"

భూలక్షమ్మ చెవి ఒకసారి ఆడించి చూసుకుంది. ఆ గాలికి రెండు వరసల వెనకున్న కోతిపిల్ల ఎగిరిపోయింది. "పెద్దదే అనుకుంటా."

"మరి డాక్టరుగారి శాస్త్రం ప్రకారం, చెవి పొడుగైతే ఏమిటి?"

"పిరికి..." భూలక్షమ్మ ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. "నాంచారీ. అంటే నేను..."

"మా అందరికన్నా పెద్ద పిరికిదానివత్తా నువ్వు. నీ ముందు మేమెంత? నీ రక్తంలోనే ఉంది. నీ తప్పేం లేదు."

"అయితే," అంది భూలక్షమ్మ. ఎన్నేళ్ళుగానో కడుపులో దాచుకున్న గొంతు అది. "నేను పరుగెత్తొచ్చా?"

"పరుగెత్తకపోతే శాస్త్రానికే అవమానం!"

ఆ మాట పూర్తికాలేదు. భూలక్షమ్మ తొండం ఎత్తి ఘీ అని ఒక్క కేక పెట్టింది. నేనున్న చెట్టు ఆకులన్నీ ఒక్కసారిగా రాలిపోయాయి, నేను పైన బోడిగా మిగిలాను. కేకతోపాటే లేచింది, లేవడంతోపాటే పరుగు. ఏనుగు పరుగెత్తేటప్పుడు ధైర్యవంతుడైనా పిరికివాడైనా దారిలో ఉండడు. వెనకాలైనా ఉండాలి, ముందైనా ఉండాలి. అందరూ ముందే ఉన్నారు. దుప్పులు, నెమళ్ళు, ముళ్ళపందులు, సభ్యులు, ఉపసభ్యులు. ముని బుచ్చన్న పుట్టమీంచి దూకి, దారిలో ఒక తేనెపట్టు కనిపిస్తే దాన్ని కూడా పెరుక్కుని పరుగెత్తాడు. భూలక్షమ్మ అది చూసి ఇంకా వేగం పెంచింది.

వరహాలరావు మాత్రం వేదిక దిగలేదు. వందన సమర్పణ మిగిలి ఉంది. "విచ్చేసిన పెద్దలకు..." అని మొదలుపెట్టి, పెద్దలెవరూ లేరని గమనించి, "విచ్చేయని పెద్దలకు..." అంటూ పరుగందుకున్నాడు. గుండు మీదినుంచి దుబ్బారావు, కుచ్చు మొత్తం అంటుకుని, మంట చర్మం దాటి అసలువాడి దాకా చేరాక, "ఎవరో పిలుస్తున్నారు!" అని కేకపెట్టి ఏటివైపు దొర్లాడు.

భూలక్షమ్మ లేవగానే కిందికి గెంతిన నాంచారమ్మ రేగుపొద దగ్గరకు వచ్చి పిల్లల్ని తరుముకుంటూ ఏటిగట్టుకు చేరింది. నలుగురు దూకేశారు. పిందె ఆగిపోయింది.

"దూకవే!"

"నేను పిరికిదాన్నమ్మా. పిరికివాళ్ళు నీళ్ళలో దిగకూడదు."

వెనక వెదురు పేలుతోంది. గాలి కాలుతోంది. నాంచారమ్మ కూతురి మొహం రెండు ముందుకాళ్ళ మధ్యా పట్టుకుంది. నాలుకతో నుదుట ఉన్న సున్నం బొట్టును గట్టిగా నాకింది. చేదుగా ఉంది. మళ్ళీ నాకింది. బొట్టు పోయింది.

"ఇప్పుడు నువ్వెవరివి?"

పిందె కళ్ళు ఆర్పింది. "తెలీదు."

"తెలియనివాళ్ళు ఈదొచ్చు. పద!"

పిందె దూకింది. మూడు బారల్లో తల్లిని దాటేసి, తాబేలు వీపెక్కి, అవతలి గట్టు చేరి, "అమ్మా, తొందరగా రా!" అని అరిచింది.

అందరూ ఏరు దాటారు. ఒడ్డున నిలబడి నీళ్ళు దులుపుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు తెలిసింది, ఎవరి నుదుటా బొట్టు లేదు. ఎరుపూ తెలుపూ బూడిదా అన్నీ ఏట్లో కలిసి కాఫీరంగులో పోతున్నాయి.

మంటకన్నా దీనికి ఎక్కువ కంగారుపడ్డారండీ వాళ్ళు! "నేనెవర్ని? నాకు ముందు మర్యాదా, వెనక మర్యాదా?" అని ఒకటే గోల. బుచ్చన్న చేతిలో తేనెపట్టు పెట్టుకుని, తినొచ్చా తినకూడదా అని అందరినీ అడుగుతున్నాడు. సింగన్న ఒక్కడు మాత్రం ఒక రాయి చాటుకు పోయి, ఎవరూ నవ్వకుండా కడుపారా ఏడ్చుకుని, తేటగా తిరిగి వచ్చాడు.

వరహాలరావు అక్కడికక్కడే అత్యవసర సభ పెట్టాడు. ఏదో తప్పు జరిగింది. తప్పు ఎవరిదో తేలాలి.

"శాస్త్రం తప్పలేదు," అన్నాడు రంగులయ్య, తడి ఇసుక రంగులో. "తీగ వేసవికి కుంచించుకుపోయింది. అందువల్ల కొలతలు అటూ ఇటూ అయ్యాయి. సరిచేసిన కొలతల ప్రకారం పొడుగు చెవులే ధైర్యం. దూరదృష్టి కూడా అదే."

"నేనూ ముందునుంచీ అదే అంటున్నాను," అన్నాడు అధ్యక్షుడు.

చప్పట్లు. తీర్మానం. అందరికన్నా పొడుగు చెవులు ఎవరివో వాళ్ళకే బోడిగుండు కావలి. నాంచారమ్మ నిటారుగా నిలబడింది. అధికారికంగా ఆ ఉద్యోగం భూలక్షమ్మకు ఇచ్చారు.

తొలకరి పడి, నేల చల్లబడి, మాడిన మొదళ్ళ పక్కన పచ్చిక లేచాక అందరూ వెనక్కి వచ్చారు. భూలక్షమ్మ బోడిగుండు దగ్గర నిలబడి పైకి చూసింది. ఒక కాలు పెట్టింది. గుండు మూలిగింది. కాలు తీసేసింది. వంగి గుహలోకి చూసింది. తొండం కొస పట్టింది, అంతే.

"నాంచారీ," అని పిలిచింది. "ఉద్యోగం నాది, దరువు నీది. నాకు గుహలో ముక్కు తప్ప ఇంకేం పట్టదు, నీ పిల్లల్ని పెట్టుకో. ఒక్కటే షరతు. నిప్పు వస్తే ముందు నాకు చెప్పాలి."

"ఎందుకత్తా?"

"పరుగెత్తాలి కదే. పదవిలో ఉన్నాను," అంది భూలక్షమ్మ దర్జాగా.

అలా నాంచారమ్మ పాత గుహలోకి, పాత ఊట పక్కకు, పాత గుండు మీదికి తిరిగి వచ్చింది. కొత్తగా వచ్చిందల్లా పేరుకు ముందు "సహాయ తాత్కాలిక" అన్న మాట. పిల్లలు ఊటలో మూతులు ముంచి పడుకున్నారు.

అడవిలో ఇప్పుడు చెవులు సాగదీసుకునే హడావుడి. రంగులయ్య ఒక శిక్షణ కేంద్రం తెరిచాడు. వచ్చినవాళ్ళ చెవులకు వెలగకాయలు కట్టి కొమ్మలకు వేలాడదీస్తున్నాడు. వరహాలరావు చెవికి రెండేసి. దుబ్బారావు చెవికి మూడేసి, తోక లేని లోటు కూడా పూడాలి కదా. ఇద్దరూ వెలగకాయలు ఊపుకుంటూ, ధైర్యంగా తిరుగుతున్నారు.

ఒకరోజు సాయంత్రం పిందె గుండెక్కింది. నిప్పు లేదు, పొగ లేదు, చల్లగాలి. పిల్ల కాళ్ళు ఊరుకుంటాయా? దరువు ఎలా మోగుతుందో చూద్దామని వెనక్కాళ్ళతో సరదాగా డుమడుమ అని రెండు దెబ్బలు వేసింది.

అడవిలో అందరికన్నా ముందు ఏట్లో పడింది కోరల వరహాలరావు. ఆయన మీద దుబ్బారావు. ఆయన మీద సభ్యులు. నీళ్ళ మీద వెలగకాయలు తేలుతున్నాయి. గట్టు పైనుంచి నాంచారమ్మ తొంగిచూసి, "ఏమిటి అధ్యక్షా, ఇలా వచ్చారు?" అని అడిగితే, వరహాలరావు గొంతుదాకా నీళ్ళలో నిలబడి, "ఏం లేదమ్మా, ఈతకు," అన్నాడు.

ఈ కథలో నీతి ఏమిటంటే: ధైర్యవంతులకు దండలు వెయ్యండి, శాలువాలు కప్పండి, ఉపన్యాసాలు కూడా వినండి, కాని వింటున్నంతసేపూ పిరికివాళ్ళ చెవులు ఎటు తిరిగాయో ఒక కన్నేసి ఉంచండి.